ఎంగిలి రెగ్యులేటరు

నేను రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు నాకొక సన్మాన పత్రం ఇచ్చారు. బంగారు రంగు అంచు, నాలుగు మూలలా తామర పువ్వులు, కింద పదిమంది సంతకాలు. "యంత్రాల మనసెరిగిన మహనీయుడు" అని రాశారందులో. రాసినాయన ఇరవై రోజుల కిందటే బదిలీ మీద వచ్చాడు, నా పేరు తప్ప నా గురించి ఏమీ తెలియదు. తెలిసి ఉంటే ఆ వాక్యం రాసేవాడు కాదు. నా సర్వీసంతటిలో నేను నిజంగా నా చేతులారా సంపాదించుకున్న కాగితం వేరే ఉంది. అది మెమో. "విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం" అని ఉంటుంది. సన్మాన పత్రం మా ఆవిడ గోడకు తగిలించింది, మెమో నేను బీరువాలో దాచుకున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీకు ఏదైనా అనుభవం చెప్పమని అడిగారు కాబట్టి ఆ మెమో కథే చెబుతాను. రెండు కాగితాల్లో నిజం ఉన్నది దాంట్లోనే.

మాది రామన్నపేట దగ్గర. పంపులు, మోటార్లు, గేట్లు బాగుచేసే మెకానిక్‌గా చాలా ఏళ్ళు నల్లగొండ జిల్లాలోనే తిరిగాను. తెలంగాణ వచ్చిన కొన్నాళ్ళకు నన్ను పాలమూరు వైపు ఒక ఎత్తిపోతల పంపుహౌస్‌కు పంపించారు. చుట్టూ రాళ్ళు, సీతాఫలం చెట్లు, గొర్రెల మందలు. మధ్యలో కోట్ల లీటర్ల నీళ్ళు పైకి ఎక్కించే భారీ పంపులు. ఆ పంపుల ముందు నీళ్ళలో ఒక ఇనుప జాలీ ఉంటుంది, చెత్త లోపలికి పోకుండా. వరదొచ్చిందంటే గుర్రపుడెక్క, ముళ్ళకంప, ఎవరి పెళ్ళిలోనో లేచిపోయిన టర్పాలిన్, అప్పుడప్పుడు చచ్చిన గొర్రె, అన్నీ వచ్చి ఆ జాలీకి అతుక్కునేవి. జాలీ మూసుకుపోతే పంపులు ఆగిపోతాయి. దాన్ని శుభ్రం చేయాలంటే ముప్పై అడుగుల లోతుకు మనిషి దిగాల్సిందే.

అందుకని సర్కారువారు నీళ్ళ కింద ఊపిరి తీసుకునే సామాను ఒక సెట్టు పంపించారు. ఒక్కటే సెట్టు. రెండోది ప్రతిపాదన దశలో ఉందన్నారు, ఇప్పటికీ ఆ దశలోనే క్షేమంగా ఉందని నా నమ్మకం. ఒక గాలి సిలిండరు, ఒక మాస్కు, ఒక రెగ్యులేటరు. సిలిండరులో గాలి విపరీతమైన ఒత్తిడితో ఉంటుంది, నేరుగా పీలిస్తే ఊపిరితిత్తులు మిగలవు. ఆ ఒత్తిడిని తగ్గించి, మనిషి పీల్చినప్పుడు మాత్రమే నోటికి కావాల్సినంత గాలి అందించే పరికరమే రెగ్యులేటరు. ఒక భాగం సిలిండరు మెడకు, ఇంకో భాగం గొట్టం చివర నోట్లో ఉంటుంది. నోటి భాగం అడుగున పల్చని రబ్బరు రెక్క ఒకటి ఉంటుంది. వదిలిన గాలిని అది బయటికి పోనిస్తుంది, బయటి నీళ్ళను లోపలికి రానివ్వదు. మీకు ఇంతవరకు తెలిస్తే చాలు, నాకూ అప్పట్లో ఇంతకంటే పెద్దగా తెలియదు.

దాన్ని సర్వీసు చేయడం నేర్చుకోవడానికి పట్నంలో మూడు రోజుల శిక్షణ అన్నారు. మిగతా వాళ్ళందరికీ సరిగ్గా ఆ మూడు రోజులే కడుపునొప్పి, పొలం పని, అత్తగారి ఆరోగ్యం వచ్చాయి. కాబట్టి నేను నిపుణుణ్ణి అయ్యాను.

శిక్షణలో చాలా చెప్పారు. వాటిలో ఒక పరీక్ష మాత్రం చాలా చిన్నది. సిలిండరు మూసెయ్యాలి. రెగ్యులేటరు నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాలి. గాలి రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో సందు ఉన్నట్టు. ఒడ్డు మీద ఆ సందులోంచి గాలి వస్తుంది, నీళ్ళలో దిగాక అదే సందులోంచి నీళ్ళు వస్తాయి. ఖర్చు లేదు, పనిముట్టు అక్కర్లేదు, అర నిమిషం పని. నేర్పే ఆయన ఒకే రెగ్యులేటరును పదిహేను మంది చేతికి వరసగా ఇచ్చి అందరినీ పీల్చమన్నాడు.

నా వంతు వచ్చేసరికి దాని మీద పద్నాలుగు మంది లాలాజలం మెరుస్తోంది. నేను దాన్ని పెదాల దగ్గరిదాకా తెచ్చాను. బుగ్గలు లోపలికి లాగాను. కళ్ళు పెద్దవి చేశాను. పీల్చినట్టే ఉంది చూసేవాళ్ళకు. "బాగుంది సార్, గాలి రావట్లేదు" అన్నాను. చివరి రోజు నాకు ఉత్తమ శిక్షణార్థి అని సర్టిఫికెట్ ఇచ్చారు. మూడు రోజుల్లో నేను నేర్చుకున్న అసలు విద్య అది, పీల్చకుండా పీల్చినట్టు కనిపించడం.

నాకు ఎంగిలి పట్టింపు ఎక్కువ. చిన్నప్పటినుంచీ అంతే. దీనికి నేను పెట్టుకున్న పేరు శుభ్రత. కులం, గిలం నేను చూడనని అందరి ముందూ చెప్పేవాణ్ణి, నాకు నేనూ చెప్పుకునేవాణ్ణి. ఎవరింట్లోనైనా తింటాను, ఎవరి పక్కనైనా కూర్చుంటాను, ఇంకొకరు నోట్లో పెట్టుకున్నది మాత్రం ముట్టను, నా తమ్ముడిదైనా ముట్టను అనేవాణ్ణి. వినడానికి చాలా న్యాయంగా ఉండేది.

ఇక మా డైవరు సంగతి. ముప్పై దాటిన మనిషి, పొట్టిగా, ఛాతీ వెడల్పుగా ఉండేవాడు. గొర్రెలు కాచుకునే కుటుంబం. ఆయన మాత్రం బావుల్లో పడిపోయిన మోటార్లు తీసి బతికాడు. నడుముకు తాడు కట్టుకుని ఒక్క ఊపిరితో అడుగుకు పోయి, చీకట్లో తడుముకుని, మోటారుకు మోకు కట్టి పైకి వచ్చేవాడు. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఏ బావిలో ఏ మూల బండ ఉందో ఆయనకు తెలుసు. ఆ పేరు విని ఔట్‌సోర్సింగు మీద మా పంపుహౌస్‌లో పెట్టుకున్నారు. నెల జీతం, యూనిఫారం, మెడలో ఐడీ కార్డు. ఆ కార్డు పెట్టుకునే గొర్రెల మందలో కూడా తిరిగేవాడని చెప్పేవారు.

మొదటిసారి రెగ్యులేటరుతో దిగి, పావుగంట తర్వాత పైకి వచ్చి మాస్కు తీసి పిల్లాడిలా నవ్వాడు.

"సార్, మా నాయిన జిందగీ అంత గొర్ల కాడ ముఫ్తుల గాలి పీల్చిండు. నాకు జూడు, సర్కారు డబ్బల వోసి ఇస్తాంది. గింత ఇజ్జత్ మా ఖాందాన్ల ఎవ్వలకు దొరకలే."

నేనూ నవ్వాను. తర్వాత ఆయన ఇచ్చిన రెగ్యులేటరును రెండు వేళ్ళతో పట్టుకుని వర్క్‌షాపుకు పోయాను.

పుస్తకంలో గోరువెచ్చని మంచి నీళ్ళలో కడగమని ఉంది. నాకు గోరువెచ్చన సరిపోలేదు. ఆఫీసులో చాయ్ పెట్టే అక్క దగ్గర పాత గంజు, అదే వంటగిన్నె, ఒకటి అడిగి తీసుకున్నాను. నీళ్ళు సలసల తెర్లి మరుగుతుండగా చెంచాడు పసుపు వేసి, నోటి భాగాన్ని గొట్టం నుంచి విప్పి అందులో వేసి, చాయ్ అయినంతసేపు ఉంచేవాణ్ణి. ఆయన దిగిన ప్రతిసారీ ఇదే వైభవం. ఆ తర్వాత గుడ్డతో తుడిచి, బిగించి, సిలిండరు తిప్పి, ముందున్న బటన్ నొక్కేవాణ్ణి. బుస్సుమని గాలి వచ్చేది. గాలి వస్తోందని మాత్రమే దాంతో తెలుస్తుంది, సందు సంగతి తెలియదు. రిజిస్టరులో "సర్వీసు చేయబడినది, అన్ని పరీక్షలు జరపబడినవి" అని గుండ్రని అక్షరాలతో రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఆ రిజిస్టరును ఆడిట్‌వాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

చాయ్ అక్క నా వయసు మనిషే. పెద్ద బొట్టు, అంతకంటే పెద్ద నోరు. మా పై ఇంజనీరు డీఈ నుంచి వాచ్‌మన్ దాకా అందరి గ్లాసులూ ఆమే కడిగేది. మొదటి రోజే గంజులోకి తొంగి చూసింది.

"ఏం సారూ, గిది మిషనా, ముద్దపప్పా? పసుపేసినవ్, జర ఉప్పు గిన వేస్తవా?"

"క్రిములు చస్తాయి అక్కా" అన్నాను.

"క్రిములా? గా పిలగాడొక్కడే గద నోట్లె వెట్టుకునేది. వాని క్రిములు వానికే వాయె."

ఆఫీసులో జవాబు లేనప్పుడు చేసే పనే చేశాను, ఫైలు తెరిచి కూర్చున్నాను.

రెండేళ్ళు ఇలా గడిచాయి. రెగ్యులేటరు నోటి భాగం పచ్చబడింది. డైవరు ఒకసారి అడిగాడు, "సార్, గిదేం వాసన? అడుగుకు వోయి పీలిస్తే పప్పుచారు తాగినట్టుంటాంది" అని. మంచి మందు వేస్తున్నానని చెప్పాను. ఆయన నమ్మాడు. నేను శిక్షణ పొందినవాణ్ణి, సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి. ఆయనేమో బావుల్లో నేర్చుకున్నవాడు.

రెండో ఏడు వానాకాలంలో మొదటి ఫిర్యాదు వచ్చింది.

"సార్, నోట్లెకు జర జర నీళ్ళొస్తున్నయి."

నేను బటన్ నొక్కాను. బుస్సుమంది. "బాగానే ఉంది, గట్టిగా కరిచి పట్టుకో" అన్నాను. వారం తర్వాత మళ్ళీ అదే మాట చెప్పాడు. మళ్ళీ బుస్సుమనిపించాను. మూడోసారి చెప్పినప్పుడు నాకు చిరాకేసింది. ఆయన మీసం కేసి చూసి, "నీ మీసం వల్లే వస్తున్నాయి, తీసెయ్" అన్నాను. మీసం ఉంటే మాస్కు సందులోంచి నీళ్ళొస్తాయని పుస్తకంలో ఉన్నమాట నిజమే. కానీ అవి ముక్కు దగ్గరికి వస్తాయి, నోట్లోకి రావు. ఆ తేడా నాకు తెలుసు. తెలిసే చెప్పాను. అప్పటికి నా నోరు ఎంత గొప్పదంటే, రెగ్యులేటరు లోపలికి పోదు గానీ, ఏ అబద్ధమైనా అందులోంచి బయటికి వచ్చేది.

ఆయన మరునాడే మీసం తీసి వచ్చాడు. మా వైపు పల్లెల్లో మీసాలున్న మగవాడు ఉన్నట్టుండి మీసం తీశాడంటే తండ్రి పోయాడనుకుంటారు. సంతలో ఎవరో చూసి కబురు చేరవేస్తే, పక్క మండలం నుంచి ఆయన మేనత్త బస్సు దిగిన దగ్గరనుంచీ ఏడ్చుకుంటూ వచ్చిందట. వచ్చేసరికి పోయినాయన దొడ్డి దగ్గర కూర్చుని సర్వపిండి తింటున్నాడు. ఆ సంగతి డైవరే నవ్వుకుంటూ చెప్పాడు. ఆఫీసంతా వారం రోజులు నవ్వింది. నవ్వినవాళ్ళలో నేను ముందున్నాను.

నీళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఆయన చెప్పడం మానేశాడు.

ఇక ఆ రోజు. పెద్దల అమావాస్య నాడు ఆడవాళ్ళు ఎంగిలిపూల బతుకమ్మ ఆడిన మరునాడు. పైన వరద ఎక్కువై జాలీకి చెత్త కమ్మేసింది. ఆ మరునాడు పెద్దవాళ్ళు వచ్చి పంపు బటన్ నొక్కుతారట, కాలువలోకి నీళ్ళు దూకుతుంటే పూలు చల్లుతారట. టెంట్లు అప్పటికే దిగాయి. పంపు తిరక్కపోతే నీళ్ళు దూకవు, నీళ్ళు దూకకపోతే పూలు చల్లలేరు. మా డీఈ గారు ఉదయం ఏడింటికే వచ్చి ఒడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నారు. చెడ్డవాడేం కాదు. పై నుంచి ఫోను వస్తే కూర్చున్నచోటే లేచి నిలబడి మాట్లాడే మనిషి, అంతే.

డైవరు దిగాడు. మూడు నిమిషాలకే పైకి వచ్చి మెట్లు పట్టుకుని దగ్గాడు.

"నీళ్ళొస్తున్నయి సార్. ఇయ్యాల ఎక్కువ వస్తున్నయి."

డీఈ గారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా, సామాను మంచిగ లేదా?"

ఒడ్డు మీద ఇరవై మంది ఉన్నారు. నేను మెట్లు దిగి రెగ్యులేటరు అందుకున్నాను. అది ఆయన నోట్లోంచి అప్పుడే వచ్చింది, తడిగా, వేడిగా ఉంది. సిలిండరు మూసి ఒక్కసారి నోట్లో పెట్టుకుని పీల్చి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది. నేను చేతిని దూరంగా చాపి బటన్ నొక్కాను. బుస్సుమంది. ఒడ్డు మీది వాళ్ళందరికీ వినిపించింది.

"బాగానే ఉంది సార్" అన్నాను.

డైవరు నా ముఖం చూశాడు. "మంచిగనే ఉందా సార్?"

"మంచిగనే ఉంది. పో."

ఆయన దాన్ని నోట్లో పెట్టుకుని మళ్ళీ దిగాడు. కాసేపు బుడగలు వరసగా వచ్చాయి. తర్వాత ఒక్కసారిగా పెద్దవి వచ్చాయి. తర్వాత రాలేదు. తాడు పట్టుకున్న ఇద్దరూ లాగడం మొదలుపెట్టారు. పైకి వచ్చేసరికి రెగ్యులేటరు ఆయన నోట్లో లేదు, పక్కన వేలాడుతోంది. ముఖం నల్లగా ఉంది. బోర్లా పడుకోబెడితే కడుపులోంచి నీళ్ళు, నురగ వచ్చాయి. జీపులో వేసుకుని జిల్లా దవాఖానకు తీసుకుపోయారు.

ప్రాణం ఉందని ఫోను వచ్చేదాకా డీఈ గారు నిలబడే ఉన్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. ప్రాణం ఉందని తెలిశాక కూర్చుని రిపోర్టు చెప్పారు. "నిన్న పెద్దలమాస గద. తాగి వచ్చి ఉంటడు. బెదిరిండు. సామానుల తప్పు లేనప్పుడు మనిషిల తప్పున్నట్టే." టైపు అయిన కాగితం నా ముందుకు వచ్చింది. "పరికరములో ఎట్టి లోపమూ లేదు" అన్న వాక్యం కింద నా సంతకం కావాలి. పెట్టాను. దాంతోపాటే డైవరును తీసేయమని ఏజెన్సీకి ఉత్తరం కూడా తయారైంది. జాలీని ఆ ఒక్కరోజుకు సరిపడేలా క్రేను కొక్కేలతో పైపైన గోకించారు. మరునాడు నీళ్ళు దూకాయి, పూలు చల్లారు, ఫోటోలు చక్కగా వచ్చాయి. కార్యక్రమానికి ఎలాంటి లోటూ జరగలేదు.

ఫోటోల హడావిడి అయిపోయాక, ఆ మధ్యాహ్నం, నేను వర్క్‌షాపులో గంజు పొయ్యి మీద పెట్టాను. అవును, మళ్ళీ పెట్టాను. నీళ్ళు వేడెక్కుతుంటే చాయ్ అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గా పిలగాడు తాగిండని రాసిన్రట గద."

"నేను రాయలేదు. సామాను బాగుందని మాత్రం రాశాను" అన్నాను.

"నిన్న పొద్దుగాల నా కాడనే చాయ్ తాగిండు. మూతి ముంగట మూతి వెట్టి మాట్లాడిండు, వాసన రాలే. సరే గని సారూ, నువ్వు పట్నంకెళ్ళి వచ్చినప్పుడు మాకందరికి చెప్పినవ్ గద, సిలిండరు బందువెట్టి నోటితోని గుంజాలె, గాలి రావద్దు అని. గట్ల గుంజి చూసినవా?"

నేను వంగి పొయ్యి మంట తగ్గించాను.

ఆమెకు ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది. రెగ్యులేటరు ఇంకా సిలిండరుకే బిగించి ఉంది, సిలిండరు మూసి ఉంది. లోపలికి వచ్చి, దాన్ని కొంగుతో ఒకసారి తుడిచి, బటన్ నొక్కి గొట్టంలో మిగిలిన గాలి వదిలేసి, నోట్లో పెట్టుకుని పీల్చింది. మళ్ళీ పీల్చింది. తీసి నా ముందు పట్టుకుంది.

"నిమ్మళంగ వస్తాంది గాలి. గిట్ల రావచ్చా?"

ఏ శిక్షణా లేని మనిషి. ఉత్తమ శిక్షణార్థి రెండేళ్ళు చేయని పరీక్ష అర నిమిషంలో చేసి పెట్టింది. స్క్రూలు విప్పి చూశాను. అడుగున ఉండే రబ్బరు రెక్క గట్టిపడి, అంచులు కాల్చిన అప్పడంలా పైకి లేచి ఉన్నాయి. రెండేళ్ళపాటు తెర్లే నీళ్ళలో ఉడికితే ఏ రబ్బరైనా అంతే. కొత్త రెక్కలు నాలుగు, స్టోరులో సీలు తీయని కవరులో, స్టాకు రిజిస్టరులో భద్రంగా ఉన్నాయి.

"నా పసుపు నీళ్ళ వల్లే" అన్నాను.

"ఎందుకు నోట్లె పెట్టుకోలే సారూ?"

"ఎంగిలి అక్కా. నాకు చిన్నప్పటినుంచి పట్టింపు. ఎవరిదైనా అంతే."

ఆమె నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే మనిషి.

"ఎవ్వలిదైనానా? ఎండకాలంల డీఈ సారు సగం తాగి ఇచ్చిన కూల్‌డ్రింకు సీస నా ముంగటనే గటగట తాగినవ్. మూతి గూడ తుడువలే. గది ఎందుకు ఉడకవెట్టలే?"

పొయ్యి కట్టేసి, తన గంజు తీసుకుని వెళ్ళిపోయింది.

ముప్పై ఏళ్ళలో నన్ను చాలామంది తిట్టారు. ఇంజనీర్లు తిట్టారు, రైతులు తిట్టారు, ఒకసారి ఒక సర్పంచి చెప్పు కూడా తీశాడు. ఏదీ నాకు తగల్లేదు. ఆ రోజు మాత్రం స్టూలు మీద కూర్చుని సిగ్గుతో ఏడ్చాను. మీకు ఇది రాయడానికి కూడా నాకు ఇబ్బందిగానే ఉంది, కానీ రాయకపోతే మిగిలినదంతా అబద్ధమవుతుంది.

డీఈ గారి దగ్గరికి పోయి రెక్క చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, కాగితంలో చుట్టి నాకే తిరిగి ఇచ్చారు.

"సంతకం నీదే ఉంది. రిపోర్టు మీదికి పోయింది. ఇప్పుడు మారిస్తే నీకు సస్పెన్షన్, నాకు సంజాయిషీ. రిటైర్మెంటు ముంగట గీ లొల్లి నీకు అవసరమా?"

"డైవరు సంగతేంటి సార్?"

ఆయన ఒక ఉపాయం చెప్పారు. డైవరు తానే ఒక మాఫీనామా రాసివ్వాలి. నేనే బెదిరాను, తప్పు నాదే, ఇకముందు జరగదు అని. అప్పుడు దయతలచి మళ్ళీ తీసుకుంటారు. అందరికీ మంచిది. కాగితం కూడా టైపు చేయించి నా చేతికిచ్చారు, డైవరు చేత సంతకం పెట్టిస్తే చాలు. మీతో అబద్ధం ఎందుకు, ఆ కాగితం చేతికి రాగానే నాకు ప్రాణం లేచివచ్చింది. సగం ఏడుపు అక్కడే ఆరిపోయింది. ఉద్యోగం పోదు, ఆయన ఉద్యోగం ఆయనకు వస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. దాన్ని జేబులో పెట్టుకుని దవాఖానకు పోయాను.

మంచం మీద డైవరు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. మీసం లేని ముఖం చిన్నపిల్లాడిలా ఉంది. కింద గొంగడి పరుచుకుని వాళ్ళ నాయిన కూర్చున్నాడు, గొర్రెల్ని ఎవరికో అప్పజెప్పి వచ్చాడు. నన్ను చూడగానే లేచి చేతులు జోడించాడు.

"మావోడు తాగడు సారూ. ఊర్లె అందరు తాగి మునిగిండంటున్నరు. రేపు వీని బిడ్డ బడికి వోతే పోరగాండ్లు గదే అంటరు. నువ్వైతే వానికి కొలువు నేర్పిన సారువు, జర నువ్వు చెప్పు."

నేను జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. డైవరు నెమ్మదిగా మాట్లాడాడు, మాట మాటకూ దగ్గు.

"నేను బెదరలే సార్. మొదటిపాలి నీళ్ళొస్తే పైకొచ్చిన గద. రెండోపాలి నువ్వు మంచిగనే ఉందన్నవ్. కింద నీళ్ళొస్తాంటే నేనే సక్కగ పీలుస్తలేననుకున్న. నువ్వు చెప్పినంక సామానుల తప్పెట్లుంటది? గందుకే ఇంకా గట్టిగ పీల్చిన."

సందు ఉన్న రెగ్యులేటరును ఎంత గట్టిగా పీలిస్తే అన్ని ఎక్కువ నీళ్ళు లోపలికి వస్తాయి. ఆయన నా మాటను పీల్చాడు. ముప్పై అడుగుల లోతులో, ఊపిరాడకుండా ఉన్న మనిషి నన్ను అనుమానించకుండా తనను తాను అనుమానించుకున్నాడు.

ఆ మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. గంజు, పసుపు, రబ్బరు రెక్క, పట్నంలో పీల్చినట్టు నటించడం, మీసం సంగతి కూడా. డైవరు అంతా విని, ముక్కు దగ్గరి గొట్టం సరిచేసుకుని అడిగాడు.

"రెండేండ్లల్ల ఒక్కపాలి గూడ నోట్లె పెట్టుకోలేదా సార్?"

"లేదు."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్ళ నాయిన నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గొంగడి తీసి భుజాన వేసుకుని బయటికి వెళ్ళి నిలబడ్డాడు. నేను ఉన్న గదిలో ఉండాలనిపించలేదేమో.

మాఫీనామా బస్టాండులో చింపేశాను. ఆ రోజే నా చేతిరాతతో రెండు పేజీలు రాశాను, జరిగినది జరిగినట్టు. ఎంగిలి అన్న మాట కూడా రాశాను, దానికి సర్కారు భాషలో వేరే మాట దొరకలేదు. డీఈ గారికిస్తే మళ్ళీ కాగితంలో చుట్టి ఇస్తారని తెలుసు కాబట్టి నేరుగా పై ఆఫీసు తపాలా సెక్షన్లో ఇచ్చి, ముద్ర వేయించుకుని నకలు తీసుకున్నాను. ఎంక్వయిరీకి వచ్చిన ఆయన నన్ను గంటసేపు అడిగాడు. "ఎంగిలి అంటే సాంకేతికంగా ఏమిటి?" అని కూడా అడిగాడు. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది. డీఈ గారు నాతో మాట్లాడటం మానేశారు, కూల్‌డ్రింకులు కూడా ఇవ్వలేదు. డైవరును మళ్ళీ తీసుకోమని ఆర్డరు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆయన మళ్ళీ ఒక్క ఊపిరితో బావుల్లో దిగి మోటార్లు తీశాడు.

ఎండాకాలం మొదట్లో ఒక ఉదయం, మెడలో ఐడీ కార్డుతో పంపుహౌస్‌కు వచ్చాడు. నాకు నమస్తే పెట్టలేదు. నేను కొత్త రెక్క బిగించి, గోరువెచ్చని మంచి నీళ్ళలో కడిగి, అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను. మెట్ల మీద కూర్చుని తాడు కట్టుకుంటూ నా వైపు చూడకుండా అన్నాడు.

"ముందుగాల నువ్వు పీల్చు సార్. నువ్వు పీల్చినంకనే నేను దిగుత. రోజూ గంతే."

ఒడ్డు మీద వాచ్‌మన్ ఉన్నాడు, తాడు పట్టేవాళ్ళిద్దరున్నారు, చాయ్ అక్క గ్లాసుల ట్రేతో నిలబడింది. నేను సిలిండరు మూసి, మిగిలిన గాలి వదిలేసి, రెగ్యులేటరు నోట్లో పెట్టుకున్నాను. రబ్బరు రుచి. కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాను. రాలేదు. దవడలు నొప్పెట్టేదాకా మళ్ళీ పీల్చాను. గాలి రాలేదు.

సిలిండరు తెరిచాను. భుజం మీది తువ్వాలు తీసి, నా నోట్లోంచి తీసినదాన్ని తుడిచి ఇద్దామని పట్టుకున్నాను. ఆయన చెయ్యి చాపి నా చేతిలోంచి అలాగే, తడి తడిగానే తీసుకున్నాడు.

"ఉండనీ సార్. నాకు గా పట్టింపు లేదు."

నోట్లో పెట్టుకుని నీళ్ళలోకి దిగిపోయాడు.